భాషాశాస్త్ర సదస్సుకి కాల్ ఫర్ పేపర్స్ (పత్రాలు పంపమనే ఆహ్వానం) రాస్తున్నాం, ఏమేం ఉండాలి? ఏమేం ఉండకూడదు?

మాటలమూట:
నమస్కారం అందరికీ. మా విభాగం తరఫున రెండు రోజుల భాషాశాస్త్ర సదస్సు పెట్టాలనుకుంటున్నాం, ఇంకా ఏడాది టైముంది. విషయం భాషా సంపర్కం, అంటే రెండు మూడు భాషలు పక్కపక్కన బతికినప్పుడు ధ్వనుల్లో పదాల్లో వాక్యాల్లో ఏం మార్పులొస్తాయనేది. హాలు ఒకటే ఉంది, పోస్టర్లకి బయట వరండా ఉంది. ఇప్పుడు కాల్ రాయడం దగ్గర కూర్చున్నాం, మొదటి డ్రాఫ్ట్‌లో "భాషాశాస్త్రంలోని అన్ని శాఖల నుంచి పత్రాలు ఆహ్వానిస్తున్నాం" అని రాసి కింద ధ్వనిశాస్త్రం నుంచి అనువాదం దాకా పెద్ద లిస్టు ఇచ్చాం, 300 పదాల అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) అడిగాం, ఈమెయిల్‌కి పంపమన్నాం. పంపేముందు ఇక్కడ చూపిస్తే మంచిదనిపించింది. సదస్సులు నడిపినవాళ్ళూ, పేపర్లు పంపినవాళ్ళూ, రివ్యూలు చేసినవాళ్ళూ అందరూ ఉన్నారు కదా ఇక్కడ, ఏం మార్చాలో మొహమాటం లేకుండా చెప్పండి.

ధ్వనిరేఖ:
మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి చెప్తున్నా, ఆ పెద్ద లిస్టు తీసెయ్యండి. విషయం భాషా సంపర్కం అని పైన పెట్టి కింద అన్నిటికీ తలుపులు తెరిస్తే వచ్చే పేపర్లలో సగానికి మీ విషయంతో సంబంధం ఉండదు, వాటిని తిప్పి పంపితే "మీ లిస్టులో ఉంది కదా" అంటారు, అది న్యాయమైన మాటే కూడా. లిస్టు బదులు నాలుగైదు ప్రశ్నలు రాయండి. ఉదాహరణకి అరువు పదాలతో పాటు వచ్చిన ధ్వని సొంత పదాల్లోకి ఎప్పుడు పాకుతుంది? రెండు భాషలు సమానంగా మాట్లాడేవాళ్ళలో ఒక భాష ఉచ్చారణ ఇంకో భాష మీద ఎంత ప్రభావం చూపిస్తుంది? ఇలాంటి ప్రశ్న చదివినవాడికి తన దగ్గరున్న డేటా పనికొస్తుందో లేదో వెంటనే తెలుస్తుంది. లిస్టు చూస్తే తెలీదు.

పాతసమీక్షకుడు:
ధ్వనిరేఖ గారితో ఏకీభవిస్తున్నా. దానికి ముందు ఇంకో పని ఉంది, లెక్క వెయ్యడం, అది కాల్ రాయకముందే వెయ్యాలి.

హాలు ఒకటే అన్నారు. రోజుకి మాటలకి దొరికేది గట్టిగా 6 గంటలు, రెండు రోజులకి 12. అందులో ముఖ్య ప్రసంగాలు మూడు పెట్టి గంట చొప్పున ఇస్తే మిగిలేది 9 గంటలు. ఒక్కో పేపర్‌కి 20 నిమిషాల ప్రసంగం 10 నిమిషాల ప్రశ్నలు, అంటే అరగంట, అంటే మీ సదస్సులో 18 పేపర్లు పడతాయి, అంతకు మించి ఒక్కటి కూడా పట్టదు. చాలామంది ఈ లెక్క ఆఖర్న వేసి 35 పేపర్లు ఒప్పుకుని ఒక్కొక్కరికి 12 నిమిషాలిచ్చి ప్రశ్నల టైము ఎత్తేస్తారు. భాషాశాస్త్రంలో ఒక గ్లాస్ చేసిన ఉదాహరణ, అంటే ప్రతి పదం కిందా దాని అర్థం రాసిన వాక్యం, ఎదుటివాళ్ళు చదివి అర్థం చేసుకోవడానికే నిమిషం పడుతుంది, 12 నిమిషాల్లో ఎన్ని ఉదాహరణలు చూపిస్తారు?

రెండో లెక్క రివ్యూలది. 90 అబ్‌స్ట్రాక్ట్‌లు వచ్చాయనుకోండి, ఒక్కోదానికి ముగ్గురు చదవాలి, అంటే 270 రివ్యూలు. ఒకరికి ఆరు మించి ఇస్తే జాగ్రత్తగా చదవరు. అంటే 45 మంది రివ్యూయర్లు కావాలి, కాల్ బయటికి వెళ్ళేలోపు వాళ్ళు ఒప్పుకుని ఉండాలి. గడువు అయిపోయాక వెతకడం మొదలుపెడితే దొరికినవాళ్ళకి దొరికినవి అంటగట్టాల్సొస్తుంది, ధ్వనిశాస్త్రం వాళ్ళకి వాక్యనిర్మాణం వెళ్తుంది.

మాటలమూట:
18 అంటే గుండె జారింది, మేము 40 దాకా ఊహించుకున్నాం. కానీ లెక్క కాదనడానికి లేదు. పోస్టర్లు ఎన్ని పెట్టొచ్చు?

పాతసమీక్షకుడు:
వరండా కొలవండి. ఏ0 పోస్టర్ అంటే 841 × 1189 మిల్లీమీటర్లు, ఒక్కో పోస్టర్ ముందు ముగ్గురు నలుగురు నిలబడే చోటు వదలాలి. పోస్టర్ల గంటలో హాల్లో ఇంకేమీ పెట్టొద్దు, అది ముఖ్యం. పోస్టర్ అంటే రెండో తరగతి అన్న భావం ఎక్కడినుంచి వస్తుందంటే కార్యక్రమం వేసేవాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది, భోజనం టైములో పోస్టర్లు పెడితే అలా అనుకోక ఏమనుకుంటారు.

తొలిపేపర్:
నేను పీహెచ్‌డీ రెండో ఏడు, పేపర్లు పంపే వైపు నుంచి చెప్తాను. కాల్ తెరవగానే మేము చూసేవి చివరి తేదీ, ఫలితం ఎప్పుడు చెప్తారు, రిజిస్ట్రేషన్ ఫీజు ఎంత, విద్యార్థులకి తగ్గింపు ఉందా, రాలేనివాళ్ళు ఆన్‌లైన్‌లో చెప్పొచ్చా. ఈ అయిదూ మొదటి పేజీలో లేకపోతే చాలామంది పంపరు. ఫీజు "తర్వాత తెలియజేస్తాం" అని రాస్తే మాకు భయమేస్తుంది, ఎందుకంటే ఒప్పుకున్నాక పెద్ద మొత్తం అడిగే సదస్సులు ఉన్నాయి, అలాంటి వాటి నుంచి రోజూ మెయిళ్ళొస్తాయి, "గౌరవనీయ పరిశోధకులారా" అని మొదలై మూడు రోజుల్లో అంగీకార పత్రం, వంద శాతం ప్రచురణ గ్యారంటీ అని. మీ కాల్ వాటిలా కనిపించకూడదంటే రివ్యూ ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు, ఎన్ని వారాలు పడుతుందనేది రాయండి. శాస్త్రీయ సంఘం సభ్యుల పేర్లు వాళ్ళని అడిగి పెట్టండి, ఆ దొంగ సదస్సుల వాళ్ళు అడక్కుండా పెడతారు.

ఇంకోటి, 300 పదాలు మాకు చాలవు. అందులో డేటా పట్టదు, డేటా లేకుండా రాస్తే అందరివీ ఒకేలా ఉంటాయి.

వాక్యవృక్షం:
చివరి మాట నిజం. మా రంగంలో వాడుకలో ఉన్న పద్ధతి రెండు పేజీలు, అంగుళం మార్జిన్, 12 పాయింట్ అక్షరం, ఉదాహరణలూ రెఫరెన్సులూ అన్నీ ఆ రెండు పేజీల్లోనే. అదే అడగండి. 300 పదాల్లో "ఈ పత్రం ఫలానా అంశాన్ని పరిశీలిస్తుంది" అని భవిష్యత్తులో చేయబోయే పని గురించి రాస్తారు, రెండు పేజీలైతే చేసిన పని చూపించక తప్పదు. ఒకరు ఎన్ని పంపొచ్చో కూడా రాయండి, ఒక్కరే రాసింది ఒకటి, కలిసి రాసింది ఒకటి, చాలా సదస్సుల్లో ఇదే పద్ధతి.

ఈమెయిల్‌కి పంపమనడం మాత్రం వద్దే వద్దు. పేరు కనిపించకుండా రివ్యూ జరగాలి, రెండు వైపులా. 2017లో డబ్ల్యూఎస్‌డీఎమ్ అనే కంప్యూటర్ సైన్స్ సదస్సులో దీని మీద ప్రయోగమే చేశారు, సగంమంది రివ్యూయర్లకి రచయితల పేర్లు, సంస్థలు కనపడేట్టు, సగంమందికి కనపడకుండా. పేర్లు కనపడినవాళ్ళు పేరున్న రచయితల పేపర్లనీ, పెద్ద యూనివర్సిటీల, పెద్ద కంపెనీల నుంచి వచ్చినవాటినీ ఎక్కువగా సిఫార్సు చేశారు, కనపడనివాళ్ళలో ఆ మొగ్గు అంత లేదు. మన రంగం దానికి అతీతం అనుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించట్లేదు. ఈజీచైర్ గానీ, లింగ్విస్ట్ లిస్ట్ వాళ్ళు తయారుచేసిన ఈజీయాబ్స్ గానీ, ఇంకేదైనా గానీ, అబ్‌స్ట్రాక్ట్‌లు తీసుకునే ఒక ఆన్‌లైన్ సిస్టమ్ వాడండి. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో రచయిత పేరు మిగిలిపోతుంది, అది తీసేసి పంపమని కాల్‌లోనే చెప్పండి. "నా 2021 పేపర్లో చెప్పినట్టు" అని రాయొద్దని కూడా.

పొలిమేరభాష:
వాక్యవృక్షం గారూ, పేరు దాచడం మంచిదే, నేను వ్యతిరేకం కాదు. కానీ నాలాంటివాళ్ళకి అది ఎలా పనిచేస్తుందో చెప్తాను వినండి. నేను పనిచేసే భాష మాట్లాడేవాళ్ళు కొన్ని వేలమంది, దాని మీద రాసేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అబ్‌స్ట్రాక్ట్‌లో భాష పేరు చూడగానే రాసింది ఎవరో ఆ భాషాకుటుంబం తెలిసిన ప్రతి రివ్యూయర్‌కీ తెలిసిపోతుంది. పోనీ భాష పేరు దాస్తామా అంటే పేపర్‌కి అర్థం ఉండదు. సంపర్కం మీద సదస్సు అంటే ఇలాంటి చిన్న భాషల పేపర్లే ఎక్కువ రావాలి మీకు, వస్తాయి కూడా.

దానికంటే పెద్ద ఇబ్బంది వేరే ఉంది. మా అబ్‌స్ట్రాక్ట్‌లు సిద్ధాంతం వాళ్ళ దగ్గరికి రివ్యూకి వెళ్తే తిరిగొచ్చే వ్యాఖ్య ఎప్పుడూ ఒకటే, "డేటా ఆసక్తికరంగా ఉంది, కానీ సైద్ధాంతిక ప్రాముఖ్యం స్పష్టంగా లేదు". రెండు తరాల మాట్లాడేవాళ్ళని రికార్డు చేసి, రాసి, పొరుగు భాషతో పోల్చి, ఒక విభక్తి ప్రత్యయం ఎలా అరిగిపోయిందో చూపిస్తే అది ప్రాముఖ్యం కాదా? ఆ రికార్డింగ్ లేకపోతే రేపు సిద్ధాంతం కట్టేవాళ్ళు దేని మీద కడతారు? ఈ వ్యాఖ్య చూసి మొదటి ప్రయత్నంలోనే సదస్సులు మానేసిన పిల్లలు నాకు తెలుసు. కాబట్టి మాటలమూట గారూ, వర్ణనాత్మక పేపర్లని దేనితో కొలుస్తారో కాల్‌లో రాయండి. రాయకపోతే ఆ కొలత రివ్యూయర్ అలవాటుని బట్టి ఉంటుంది.

వాక్యవృక్షం:
ఆ వ్యాఖ్య రాసినవాళ్ళలో మా శాఖ వాళ్ళే ఎక్కువ ఉంటారు, అది ఒప్పుకోవాల్సిందే. అయినా ఒక మాట. వర్ణన అంటే ప్రశ్న లేకపోవడం కాదు. "ఫలానా భాషలో అరువు క్రియలు" అని శీర్షిక పెట్టి రెండు పేజీల నిండా క్రియల జాబితా ఇస్తే దాన్ని నేను ఎలా అంచనా వెయ్యాలి? ఈ భాష అరువు క్రియలని నేరుగా తీసుకోదు, సొంత "చేయు" లాంటి సహాయక్రియ తగిలించే తీసుకుంటుంది, పక్క భాష మాత్రం నేరుగా తీసుకుంటుంది, తేడా ఎందుకు అని అడిగితే అదే డేటా పేపర్ అవుతుంది. దానికి ఏ ఫార్మల్ సిద్ధాంతమూ అక్కర్లేదు.

పొలిమేరభాష:
అది సరే, ఆ మాత్రం ప్రశ్న ఉండాలి. నేనడిగేది ప్రశ్న వద్దని కాదు, ఆ ప్రశ్నకి జవాబు వాక్యనిర్మాణం వాళ్ళు గీసే చెట్టు బొమ్మ రూపంలోనే రావాలని పట్టుబట్టొద్దని. నేనైతే నాలుగు అడుగుతాను. డేటా ఎలా సేకరించారు, ఎంతమంది నుంచి, ఎలాంటి మాటల నుంచి, అంటే అడిగి చెప్పించుకున్న వాక్యాలా లేక కథలూ సంభాషణలా. రికార్డింగులు ఎక్కడ దాచారు, ఇంకొకరు చూడటానికి వీలుందా. మాట్లాడినవాళ్ళ అనుమతి ఉందా. ఈ దృగ్విషయం ముందు నమోదయిందా, అయితే కొత్తది ఏంటి. 2018లో వచ్చిన ఆస్టిన్ ప్రిన్సిపుల్స్ భాషాశాస్త్రంలో డేటాని కూడా పేపర్లలాగే ఉదహరించాలని చెప్తాయి, 2019 నాటి ట్రోమ్‌సో సిఫార్సులు దాన్ని ఎలా రాయాలో చూపిస్తాయి. ఉదాహరణ వాక్యం పక్కన అది ఏ రికార్డింగ్‌లో ఎక్కడుందో రాయమనండి, రాయగలిగినవాళ్ళు సంతోషంగా రాస్తారు.

కార్పస్‌కన్ను:
ఆలస్యంగా వచ్చాను, అన్నీ చదివాను. కంప్యూటేషనల్ వైపు నుంచి, అంటే కంప్యూటర్‌తో భాష మీద పనిచేసేవాళ్ళ వైపు నుంచి, రెండు మాటలు.

ఒకటి రివ్యూ నమ్మకం గురించి. 2014లో నిప్స్ అనే మెషీన్ లెర్నింగ్ సదస్సు వాళ్ళు 166 పేపర్లని రెండు వేర్వేరు కమిటీలకి ఇచ్చి చూశారు, ఒక కమిటీకి ఇంకో కమిటీ నిర్ణయం తెలీదు. పావు వంతు పేపర్ల మీద, అంటే 43 మీద, రెండు కమిటీలు చెరో మాట చెప్పాయి. వినడానికి పర్వాలేదు అనిపిస్తుంది గానీ ఒక కమిటీ ఒప్పుకున్న పేపర్లు మాత్రమే తీసుకుని చూస్తే అందులో సగానికి పైగా రెండో కమిటీ తిరస్కరించింది. మరీ బాగున్నవీ మరీ బాగోనివీ ఎవరైనా గుర్తుపడతారు, మధ్యలో ఉన్నవి ఎవరి చేతిలో పడితే వాళ్ళ రాత. కాబట్టి సగటు మార్కు 3.67 వచ్చినదాన్ని తీసుకుని 3.33ని వదిలేయడం న్యాయం అనుకోవద్దు, ఆ తేడాకి అర్థం లేదు. మధ్యలో వాటిని మీరు కూర్చుని మళ్ళీ చదవండి, మార్కులు కాదు, వ్యాఖ్యలు చదవండి.

రెండోది, మా వాళ్ళ పేపర్లు పంపేటప్పుడు ఏ భాష మీద పనిచేశారో పేరు చెప్పమనండి. భాష పేరు లేదంటే అది ఇంగ్లీషే అని అందరూ అనేసుకునే అలవాటు మా రంగంలో పాతుకుపోయింది, దానికి విరుగుడుగా వచ్చినదాన్నే బెండర్ రూల్ అంటారు, ఇంగ్లీషు అయినా సరే పేరు చెప్పాలి. ఫామ్‌లో భాష పేరుకీ ఐఎస్‌ఓ 639-3 కోడ్‌కీ ఒక గడి పెట్టండి, మూడు అక్షరాల కోడ్ అది. రివ్యూయర్లకి పేపర్లు పంచేటప్పుడు కూడా పనికొస్తుంది, ఒకే పేరుతో రెండు భాషలుంటే తికమక ఉండదు.

తొలిపేపర్:
ఆ 166 పేపర్ల సంగతి నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. తిరస్కరణ వచ్చినప్పుడు మాలాంటివాళ్ళం మేమే పనికిరామేమో అనుకుంటాం. మాటలమూట గారూ, ఒప్పుకోని పేపర్లకి కూడా రివ్యూ వ్యాఖ్యలు పంపుతారా? "పోటీ తీవ్రంగా ఉన్నందున" అన్న ఒక్క లైను వస్తే నేర్చుకునేది ఏమీ ఉండదు, ముగ్గురు చదివిన కష్టం కూడా వృథా.

మాటలమూట:
తప్పకుండా పంపుతాం, కాల్‌లోనే రాస్తాం. రివ్యూయర్లకి కూడా ముందే చెప్తాం, వ్యాఖ్య లేని మార్కు లెక్కలోకి తీసుకోం అని.

పొలిమేరభాష గారూ, వాక్యవృక్షం గారూ, మీ ఇద్దరి మాటలూ కలిపి ఒకటి అనుకుంటున్నాం, చెప్పండి ఎలా ఉందో. పంపేటప్పుడే రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి, విశ్లేషణ పేపరా, వర్ణన పేపరా అని. రెండిటికీ రివ్యూ ఫామ్ వేరు, వర్ణన దానికి పొలిమేరభాష గారి నాలుగు ప్రశ్నలూ పెడతాం. రెండు రకాలకీ ముందుగా ఇన్ని అని కోటా లేదు, ప్రసంగాలకీ పోస్టర్లకీ రెండూ అర్హమే. చిన్న భాషల పేపర్లు అదే భాష మీద పనిచేసేవాళ్ళకి ఒకరికే పంపి, మిగతా ఇద్దరూ పొరుగు భాషలవాళ్ళో, టైపాలజీ (భాషల నిర్మాణాలని పోల్చే శాఖ) వాళ్ళో ఉండేట్టు చూస్తాం.

పొలిమేరభాష:
బావుంది, చాలా బావుంది. ఆ ఒక్కరు కూడా పోటీదారు కాకుండా చూడండి, చిన్న భాషల దగ్గర అది జరుగుతుంది. రివ్యూయర్ ఒప్పుకునేటప్పుడే రచయిత ఎవరో తెలిసిందా, వాళ్ళతో కలిసి పనిచేశారా లేక తగువు ఉందా అని ఒక గడి పెట్టండి, నిజాయితీగా నింపేవాళ్ళే ఎక్కువ.

ఇంకో విషయం మర్చిపోకముందే. ఫామ్‌లో "సంస్థ" అన్న గడి తప్పనిసరి చెయ్యొద్దు. నాతో ఏళ్ళుగా పనిచేస్తున్న ఆ భాష మాట్లాడే ఆయన ఏ యూనివర్సిటీలోనూ లేరు, ఆయన లేకుండా నా పేపర్లో ఒక్క వాక్యం లేదు. సహరచయితగా పేరు పెడదామంటే ఒక సదస్సు సిస్టమ్ సంస్థ పేరు లేకుండా ముందుకి వెళ్ళనివ్వలేదు. భాష ఇచ్చినవాళ్ళకి పేరు పెట్టుకునే చోటు లేకపోవడం కంటే అన్యాయం ఉండదు. వాళ్ళకి రిజిస్ట్రేషన్ ఫీజు కూడా వద్దనండి.

వాక్యవృక్షం:
దీనికి నా ఓటు. రెండు ఫామ్‌ల ఆలోచన కూడా ఒప్పుకుంటున్నా, విశ్లేషణ ఫామ్‌లో మాత్రం ఒక ప్రశ్న చేర్చండి, "ఈ విశ్లేషణ తప్పు అని తేల్చగలిగే డేటా ఎలా ఉంటుందో రచయిత చెప్పారా" అని. మా శాఖ మీద కూడా బరువు పడాలి కదా.

ధ్వనిరేఖ:
పీడీఎఫ్ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు, నేను చెప్తాను, ఎందుకంటే దీనివల్ల మంచి పేపర్లు చదవడానికి వీల్లేకుండా పోతాయి. ఐపీఏ గుర్తులు, అంటే ఉచ్చారణ రాసే అంతర్జాతీయ ధ్వని గుర్తులు, యూనికోడ్‌లో ఉండాలి, ఫాంట్ పీడీఎఫ్‌లో ఎంబెడ్ అయి ఉండాలి. లేకపోతే రచయిత కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన మూర్ధన్య ధ్వనుల గుర్తులు రివ్యూయర్ దగ్గర ఖాళీ గళ్ళుగా కనిపిస్తాయి, ధ్వనుల మీద పేపర్లో అవే పోతే ఇంకేం మిగిలింది. డౌలోస్ ఎస్‌ఐఎల్, చారిస్ ఎస్‌ఐఎల్ ఫాంట్లు ఉచితం, ఐపీఏ మొత్తం ఉంటుంది, వాటిని సూచించండి. తప్పనిసరి అనొద్దు, సూచన చాలు. ఒక వర్డ్ టెంప్లేటూ ఒక లాటెక్ టెంప్లేటూ పెట్టండి.

ఉదాహరణలకి లైప్‌జిగ్ గ్లాసింగ్ రూల్స్ పాటించమనండి, పది నియమాలే, ఎవరికైనా ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తాయి. సంపర్కం మీద సదస్సు కాబట్టి రచయిత భాష రివ్యూయర్‌కి రాకపోవడమే మామూలు సంగతి, మూడు లైన్ల గ్లాస్ లేకపోతే ఉదాహరణ ఉన్నా లేనట్టే. అబ్‌స్ట్రాక్ట్ రాసిన భాషలో లేని ప్రతి ఉదాహరణకీ గ్లాస్ అని రాయండి, ఎంత పేరున్న భాష అయినా మినహాయింపు లేదు.

సైగలలోకం:
నేను సంజ్ఞాభాషల మీద పనిచేస్తాను. డ్రాఫ్ట్‌లో "మాట్లాడే భాషల మధ్య" అని ఎక్కడైనా ఉంటే అది "భాషల మధ్య" అని మార్చండి, సంజ్ఞాభాషల మధ్య కూడా సంపర్కం ఉంటుంది, సంజ్ఞాభాషకీ చుట్టూ ఉన్న మాట భాషకీ మధ్య కూడా ఉంటుంది, పెదాల కదలికలూ వేళ్ళతో అక్షరాలు చూపించడమూ అక్కణ్ణుంచే వచ్చాయి. 1986లో మొదలైన టిస్లర్ సదస్సు అచ్చంగా సంజ్ఞాభాషల పరిశోధనకే ఉంది, కానీ సంపర్కం విషయానికొస్తే మేము మిగతావాళ్ళతో ఒకే హాల్లో కూర్చోవాలి.

కాల్‌లో ఒక్క లైను రాయండి, "సంజ్ఞాభాషా వ్యాఖ్యాత (అనువదించి చెప్పేవారు) కావాల్సినవాళ్ళు అబ్‌స్ట్రాక్ట్ పంపేటప్పుడే తెలియజేయండి, ఖర్చు సదస్సుదే" అని. సంజ్ఞాభాషా వ్యాఖ్యాతలు ఇద్దరు కలిసి పనిచేస్తారు, ఇరవై నిమిషాలకి అటూఇటూగా మారతారు, ఒకరినే పెడితే అలసటతో తప్పులు మొదలవుతాయి. భాషాశాస్త్రం పదాలు వాళ్ళకి ముందే తెలియాలి, అందుకని స్లైడ్లు కనీసం వారం ముందు అందాలి, ఇది మీ వక్తలందరికీ పెట్టాల్సిన షరతు. బడ్జెట్ వేసేరోజే దీన్ని వేసుకోండి. చివర్లో "నిధులు లేవు" అన్నమాట మేము చాలాసార్లు విన్నాం. సంజ్ఞాభాష మీద అబ్‌స్ట్రాక్ట్ అయితే వీడియో లింకు ఇవ్వడానికి వీలుండాలి, కానీ వీడియోలో మనిషి మొహం కనపడుతుంది కదా, అక్కడ పేరు దాచడం కుదరదు, సంజ్ఞ చేసింది రచయితే అయితే అసలు కుదరదు. బొమ్మ గీసి పెట్టినా సరిపోతుందని రాయండి.

మాటలమూట:
ఇది మాకు తట్టనే లేదు, చాలా థాంక్స్ అండి. బడ్జెట్‌లో ఈరోజే వేశాం.

ఇంకో రెండు అడగాలి. గడువు పొడిగించడం గురించి, ప్రొసీడింగ్స్ (సదస్సు పేపర్ల సంపుటం) గురించి. మా పెద్దలు ప్రొసీడింగ్స్ ఐఎస్‌బీఎన్‌తో వెయ్యాల్సిందే, లేకపోతే ఎవరూ రారు అంటున్నారు.

పాతసమీక్షకుడు:
గడువు గురించి నేను గట్టిగా చెప్తాను. పొడిగించేట్టయితే ముందు నుంచీ మనసులో అనుకున్న పొడిగింపు వద్దు. అందరూ చేస్తారని మీరు కూడా మొదటి తేదీ ఒకటి వేసి రెండు వారాలు పెంచితే ఏమవుతుందంటే మాట నమ్మి రాత్రీ పగలూ కూర్చుని సమయానికి పంపినవాళ్ళకి తక్కువ టైమూ, పట్టించుకోనివాళ్ళకి ఎక్కువ టైమూ ఇచ్చినట్టవుతుంది. అసలు తేదీనే వెయ్యండి. ఏ టైమ్ జోన్‌లో అర్ధరాత్రో రాయండి, యూటీసీ−12 వాడితే భూమ్మీద ఎక్కడున్నవాళ్ళకైనా ఆ తేదీ పూర్తయ్యేదాకా అవకాశం ఉంటుంది, దాన్నే ఎనీవేర్ ఆన్ ఎర్త్ అంటారు. సిస్టమ్ పనిచేయకపోతే మాత్రం ఒకరోజు పెంచండి, అది వేరే సంగతి.

తేదీలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. వీసా కావాల్సినవాళ్ళకి ఫలితం చెప్పాక కనీసం నాలుగు నెలలు. రివ్యూకి ఆరు వారాలు, తేడా వచ్చినవి కూర్చుని చదవడానికి ఇంకో రెండు. కాల్ వెలువడిన రోజు నుంచి గడువుకి మూడు నెలలు. అంటే సదస్సుకి తొమ్మిది నెలల పైనే కాల్ బయటికి రావాలి. మొదటి కాల్, మధ్యలో గుర్తు చేసే కాల్, చివరి వారంలో ఆఖరిది, మూడూ లింగ్విస్ట్ లిస్ట్‌లో పెట్టండి, 1990 నుంచి మన రంగమంతా చూసే చోటు అది.

కార్పస్‌కన్ను:
ప్రొసీడింగ్స్ విషయంలో రంగాన్ని బట్టి ఉంటుంది. మాకు పూర్తి పేపరే రివ్యూకి వెళ్తుంది, సదస్సు ప్రచురణే అసలు ప్రచురణ, ఏసీఎల్ ఆంథాలజీ అనే మా రంగపు ఆన్‌లైన్ భండారంలో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. నాలుగేళ్ళకోసారి జరిగే ధ్వనిశాస్త్ర మహాసభ కూడా నాలుగు పేజీల పేపర్‌ని రివ్యూ చేస్తుంది. మీది రెండు పేజీల అబ్‌స్ట్రాక్ట్ సదస్సు, దానికి "ఒప్పుకున్న పేపర్లన్నీ ప్రచురిస్తాం" అని మాటిస్తే రివ్యూ కాని పేపర్లు ప్రచురించినట్టే.

వాక్యవృక్షం:
ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఒక నంబరు, అంతే, నాణ్యతకి అది సాక్ష్యం కాదు. సదస్సు అయ్యాక ఎంపిక చేసినవాటితో పూర్తి రివ్యూ చేయించి ఒక సంకలనం తెస్తామనండి. లాంగ్వేజ్ సైన్స్ ప్రెస్ లాంటివాళ్ళు రచయితల దగ్గరా పాఠకుల దగ్గరా డబ్బు తీసుకోకుండా పుస్తకాలు వేస్తున్నారు, ప్రతిపాదన పంపి చూడొచ్చు. ఒప్పుకునేదాకా ఆ పేరు కాల్‌లో పెట్టొద్దు.

తొలిపేపర్:
ఒక్క సవరణ. మాకు పదోన్నతి కాదు గానీ డిగ్రీకి ప్రచురణ లెక్క ఉంటుంది, అందుకని పెద్దల మాట పూర్తిగా కొట్టిపారేయొద్దు. అబ్‌స్ట్రాక్ట్‌ల పుస్తకం మాత్రం సదస్సు రోజుకే ఆన్‌లైన్‌లో శాశ్వత లింకుతో, అంటే డీఓఐతో, పెడితే దాన్ని చూపించుకోవడానికి వీలవుతుంది, సంకలనం రావడానికి రెండేళ్ళు పట్టినా ఈలోపు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మాటలమూట:
అది చేస్తాం. అన్నీ కలిపి కాల్ మళ్ళీ రాశాం, ముఖ్యమైన భాగం ఇక్కడ పెడుతున్నా, చూడండి.

"భాషలు కలిసి బతికినప్పుడు ఏ మార్పులు వస్తాయి, ఏవి రావు? ఒక భాష ఇంకో భాష నుంచి ధ్వనులు, ప్రత్యయాలు, వాక్య నిర్మాణాలు ఏ పరిస్థితుల్లో తీసుకుంటుంది? ఇంట్లో రెండు భాషలతో పెరిగిన పిల్లల భాష ఆ మార్పు గురించి ఏం చెప్తుంది? సంపర్కం వల్ల వచ్చిన పోలికని, ఒకే మూలం వల్ల వచ్చిన పోలిక నుంచి ఎలా విడదీస్తాం? మాట, సంజ్ఞ, ఏ భాషల మీదైనా ఈ ప్రశ్నలకి సంబంధించిన పని పంపండి. విశ్లేషణ పేపర్లనీ వర్ణన పేపర్లనీ వేర్వేరు కొలతలతో చూస్తాం, రెండు ఫామ్‌లూ ఇక్కడే ఉన్నాయి, పంపేముందు చదవండి. అబ్‌స్ట్రాక్ట్ పేరు లేకుండా రెండు పేజీలు, ఉదాహరణలూ రెఫరెన్సులతో కలిపి. ముగ్గురు చదువుతారు. ఫలితం ఏదైనా వ్యాఖ్యలు పంపుతాం. 18 ప్రసంగాలకీ, పోస్టర్లకీ చోటుంది, పోస్టర్ల సమయంలో వేరే కార్యక్రమం ఉండదు. గడువు పొడిగించబడదు. ఏ సంస్థలోనూ లేని సహరచయితలకి ఫీజు లేదు."

కింద తేదీలు, ఫీజు, వ్యాఖ్యాతల లైను, ఫాంట్లు, గ్లాసింగ్ వస్తాయి.

పొలిమేరభాష:
నాలుగో ప్రశ్న చాలా నచ్చింది, దాని మీదే నా దగ్గర ఒక పేపర్ ఉంది. ఫామ్‌లు ముందే చూపించడం ఇంకా నచ్చింది, దేనితో కొలుస్తారో తెలిసి రాయడం వేరుగా ఉంటుంది.

ధ్వనిరేఖ:
"పొడిగించబడదు" బదులు "పొడిగించం" అనండి, మీరే కదా పొడిగించనిది.

సైగలలోకం:
వ్యాఖ్యాతల లైను కింద కాదు, పైన పెట్టండి. కింద ఉంటే అది చదివేలోపే చాలామంది తమకోసం కాదనుకుని వెళ్ళిపోతారు.

మాటలమూట:
రెండూ మార్చాం. రివ్యూయర్లుగా ఎవరెవరు ఉండగలరో చెప్పండి, ఆరు మించి ఇవ్వం. ఏ శాఖ, ఏ భాషలు చదవగలరో రాస్తే చాలు.

పాతసమీక్షకుడు:
నేనున్నాను. చారిత్రక భాషాశాస్త్రం, విశ్లేషణ వర్ణన రెండు ఫామ్‌లూ.

వాక్యవృక్షం:
నేను కూడా. నాకు మూడు వర్ణన పేపర్లు కూడా ఇవ్వండి, ఆ ఫామ్‌తో చదవాలనుంది.

కార్పస్‌కన్ను:
కంప్యూటేషనల్ ఏవైనా వస్తే నాకు పంపండి. రివ్యూయర్లకి పేపర్లు పంచే పని కూడా నేను చూసుకోగలను, ఎవరు ఎవరితో కలిసి రాశారో చూసి వాళ్ళని వాళ్ళకి పడకుండా చెయ్యడం చిన్న స్క్రిప్టుతో అయిపోతుంది.

తొలిపేపర్:
పీహెచ్‌డీ వాళ్ళు రివ్యూ చెయ్యొచ్చా?

పాతసమీక్షకుడు:
మూడో సంవత్సరం దాటినవాళ్ళైతే చెయ్యొచ్చని నా అభిప్రాయం, ముగ్గురిలో ఒకరిగా. మీరు రెండో ఏడు అన్నారు కదా, ఈసారికి పేపర్ పంపండి.